అరువిచ్చిన చెయ్యి

తడి దుప్పటికి కుడి కొస పెద్దక్కది, ఎడమ కొస పుల్లది. ఇద్దరూ కలిసి ఒక్క విదిలింపు విదిలిస్తే టప్పుమని చప్పుడొచ్చి, ముడతలన్నీ విడిపోయి, గుడ్డ గాలిలో ఒక్క క్షణం పలకలా నిలబడుతుంది. ఆ క్షణంలోనే అంచు తిన్నగా తిరిగే పట్టాల మీద పెట్టెయ్యాలి. ఆపైన ఆవిరితో కాగుతున్న రోలరు దాన్ని లోపలికి లాక్కుంటుంది. ఒకరి చెయ్యి ముందూ, ఒకరి చెయ్యి వెనకా పడిందా, దుప్పటి వంకరగా పోయి లోపల చుట్టుకుంటుంది. ఎర్ర దీపం వెలుగుతుంది. లాండ్రీ అంతా ఆగి ఆ ఇద్దరి మొహాలూ చూస్తుంది.

ఆరేళ్ళుగా వాళ్ళిద్దరి దగ్గర ఎర్ర దీపం వెలిగింది రెండుసార్లే. రెండుసార్లూ పెద్దక్క నవ్వించబట్టి.

"ఒసే పుల్లా, నీ మొహం చూసుకున్నావా? ఉడికించిన దుంపలా ఉంది" అంది పెద్దక్క, కొస అందుకుంటూ.

"ఆవిరికి ఎవరి మొహమైనా అంతే అక్కా."

"నా మొహం చూడు. ఉడికీ ఉడికీ ఇంక ఉడకడానికేం లేదు."

పుల్ల అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా లేదు. సన్నగా ఉంటుందని ఎవరో అన్నారు, అదే నిలిచిపోయింది. ముప్పై మూడేళ్ళు. ఎనిమిదేళ్ళ కూతురు. జ్వరమని ఒక్కరోజు మానేసిన మనిషి కాదు. సాయంత్రానికి తల వెనక నొప్పి వస్తుంది. అది ఆవిరి వల్ల. మెట్లెక్కితే ఊపిరి అందదు. అది రోజంతా నిలబడటం వల్ల. ఏదైనా ఆ పనివల్లే అనుకోవడం అక్కడ అందరికీ అలవాటు.

టీ గంట కొట్టే ముందు మేస్త్రీ వచ్చాడు. రోలరు హోరులో గొంతు చించుకుని చెప్పాడు.

"ఎల్లుండి ఆరోగ్య పరీక్ష. ఈసారి కళ్ళొక్కటే కాదు, బీపీ కూడా చూస్తారు. పై నంబరు నూట యాభై దాటితే రోలరు దగ్గర ఉండకూడదట. మనకి దుప్పట్లిచ్చే కొత్త హోటలు వాళ్ళ షరతు."

"రోలరు దగ్గర కాకపోతే మరెక్కడుండాలి మేస్త్రీ గారూ?" అని అడిగింది మడతల దగ్గరామె.

"ఇంటి దగ్గర" అన్నాడు మేస్త్రీ.

ఎవరూ నవ్వలేదు. పెద్దక్క బీపీ సంగతి ఎవరికీ తెలియనిది కాదు. పొద్దున్నే మాత్ర వేసుకుని వస్తుంది. ఇంకో పదకొండు నెలలు పనిచేస్తే ఆమెకి పింఛను ఖాయమవుతుంది. మంచాన పడ్డ మొగుడు, ఆమె. మూడో మనిషి లేరు. పదకొండు నెలలని ఆమె ఎవరితోనూ అనదు. కానీ నెల మారిన రోజున దుప్పటి విదిలించడంలో ఒక ఊపు ఉంటుంది. పుల్లకది చేతికి తెలుస్తుంది.

టీ తాగుతూ పుల్లే అంది, "నా చెయ్యి ఇస్తాను అక్కా."

అక్కడ అది కొత్త మాట కాదు. పోయినేడు కళ్ళ పరీక్షలో ఒకామె ఆరుగురి నంబరు బిళ్ళలు మార్చి మార్చి గుచ్చుకుని ఆరుసార్లు అదే అక్షరాల అట్ట చదివింది. ఆరోసారి అట్ట వైపు చూడకుండానే గడగడా అప్పజెప్పేసింది. తలకి గుడ్డటోపీ, మూతికి నూలుదుమ్ము పోకుండా గుడ్డ, ఒంటి మీద బూడిదరంగు కోటు. మనిషికీ మనిషికీ తేడా కోటు మీద బిళ్ళ నంబరే. పరీక్షకి వచ్చేవాళ్ళు ఆ నంబరు తప్ప ఇంకేం చూడరు.

"కళ్ళంటే వేరు, చెయ్యి వేరు" అంది పెద్దక్క.

"నా చేతికేమైంది? పుల్లలాంటి చెయ్యి. బీపీ ఎక్కడానికి చోటేదీ?"

పెద్దక్క గ్లాసు కింద పెట్టి ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని చూసింది. సంతలో బెండకాయ లేతో ముదురో చూసినట్టు చూసింది.

"సరే" అంది.

*

పరీక్ష గోదాములో పెట్టారు. మడత పెట్టిన దుప్పట్ల దొంతరల మధ్య బల్ల, రెండు కుర్చీలు, అడ్డంగా ఒక తెర. నర్సు ఒక్కతే. ఆమె ఎదుట నంబర్ల పట్టీ.

పుల్ల నలభై ఒకటో నంబరు బిళ్ళ గుచ్చుకుని వెళ్ళి కూర్చుంది. తన బిళ్ళ, డెబ్భై మూడు, కోటు జేబులో ఉంది.

"నలభై ఒకటి. యాభై ఆరేళ్ళు" అని చదివి నర్సు ఒక్కసారి తలెత్తింది. టోపీకీ గుడ్డకీ మధ్య కళ్ళు తప్ప ఏమీ కనబడవు. "వయసుకి బాగానే ఉన్నావమ్మా. ఏం తింటావు?"

"తిట్లు" అంది పుల్ల, పెద్దక్క గొంతు పెట్టి.

నర్సు నవ్వుతూ జబ్బకి పట్టీ చుట్టింది. మిషను గుర్రుమంది. పట్టీ బిగిసింది. బిగిసి, బిగిసి, వేళ్ళు తిమ్మిరెక్కే దాకా బిగిసి, మెల్లిగా వదిలింది. నర్సు మొహంలో నవ్వు కూడా అలాగే మెల్లిగా వదిలింది.

"కాసేపు మాట్లాడకుండా కూర్చో."

ఐదు నిమిషాలు కూర్చోబెట్టింది. మళ్ళీ కొలిచింది. రెండో చేతికి మార్చి కొలిచింది.

"నూట డెబ్భై రెండు. కింద నూట పది. మాత్రలు వేసుకుంటున్నావా లేదా?"

పుల్లకి తల అడ్డంగా ఊపాలో నిలువుగా ఊపాలో తెలియలేదు. తను ఇప్పుడు పెద్దక్క. పెద్దక్క అయితే వేసుకుంటుంది. ఊపింది.

"వేసుకుంటే ఇంతెందుకుంటుంది? చూడమ్మా, ఇలా వదిలేస్తే ఒకరోజు పడిపోతావు. పెద్దాసుపత్రికి వెళ్ళు. రేపో ఎల్లుండో కాదు, ఇవాళే." నర్సు నంబర్ల పట్టీలో నలభై ఒకటి ఎదుట రాసింది. రాసిన అంకె కింద గీత గీసింది.

తెర బయట పెద్దక్క దుప్పట్ల దొంతరకి ఆనుకుని నిలబడి ఉంది. పుల్ల మొహం గుడ్డలో ఉన్నా ఆమెకి తెలిసిపోయింది.

"ఎంత?"

పుల్ల చెప్పింది.

"మిషను పాడైందేమో."

"మూడుసార్లు కొలిచింది అక్కా. రెండు చేతులకీ."

పెద్దక్క దొంతర వైపు తిరిగింది. దొంతరలో పై దుప్పటి అంచు కొంచెం బయటికొస్తే దాన్ని లోపలికి సర్దింది. లోపల నర్సు పిలుస్తోంది. డెబ్భై. డెబ్భై ఒకటి.

"నేను వెళ్ళి చెప్పేస్తాను, ఆ చెయ్యి నాదని."

"చెప్పి? మోసం చేశారని ఇద్దరినీ పంపేస్తారు. నాదెలాగూ రాసేసింది." పెద్దక్క పుల్ల జేబులో చెయ్యి పెట్టి డెబ్భై మూడు బిళ్ళ తీసింది. "నువ్విప్పుడు మళ్ళీ వెళితే నీదీ పోతుంది. నేనెళ్తాను. పొద్దున మాత్ర వేసుకున్నాను. నీ దానికంటే కొద్దో గొప్పో నాదే నయం."

"అక్కా..."

"నోరు మూసుకుని అటు తిరుగు."

తెర వెనక కుర్చీ కిర్రుమనడం వినబడింది. మిషను గుర్రుమనడం వినబడింది. నర్సు రెండోసారి కొలవలేదు.

"నూట ముప్పై రెండు. ఎనభై నాలుగు. బాగుంది. తర్వాత."

పెద్దక్క బయటికొచ్చింది. బిళ్ళ తీసి పుల్ల కోటుకి తనే గుచ్చింది. గుచ్చుతుంటే పిన్ను రెండుసార్లు జారింది.

"నా బిళ్ళతో నేనే కూర్చుని ఉంటే సరిపోయేది" అంది.

అంతే అంది. రోలరు దగ్గరికి నడిచింది. ఆ సాయంత్రం దాకా ఇద్దరూ నాలుగు వందల దుప్పట్లు ఎక్కించారు. ఒక్కటీ వంకర పోలేదు. ఒక్క మాటా లేదు.

*

ఇంటికి వచ్చాక పుల్ల స్టవ్వు దగ్గర నిలబడి అత్తని అడిగింది.

"అత్తయ్యా, అప్పుడు కాన్పులో నాకు బీపీ ఎంతుందన్నారు?"

అత్త మనవరాలి జడ చిక్కు తీస్తోంది. దువ్వెన ఆగింది. "ఆ సంగతులు ఇప్పుడెందుకే?"

"ఊరికే."

"ఎంతో నాకేం తెలుసు. కాళ్ళు ఇంతింత లావున వాచాయి. కళ్ళు కనబడటం లేదన్నావు. ఆ పైన గుర్రపువాతం, అదే ఫిట్సు, వచ్చి కొట్టుకున్నావు. నలుగురం పట్టుకున్నాం నిన్ను. ఇది బయటపడ్డాక సర్దుకుంది." దువ్వెన మళ్ళీ కదిలింది. "మూడో రోజున మాత్రలు కూడా ఆపేశారు. అంతా నార్మలని కాగితం ఇచ్చారు. ఎందుకడుగుతున్నావు?"

"ఆ తర్వాత నన్ను ఎప్పుడైనా చూపించామా?"

"నిన్నెందుకు చూపిస్తాం? నీకేమైందని?" అంది అత్త. "దీన్నేగా తిప్పాం, సూది సూదికీ. ఒక్క తేదీ తప్పలేదు."

అది నిజమే. పిల్లకి ఆసుపత్రి వాళ్ళు గులాబీరంగు కార్డు ఇచ్చారు. ఏ నెలలో ఏ సూదో గళ్ళు గీసి ఉండేవి. పుల్ల ఆ గళ్ళన్నీ నింపించింది. బరువు చూసేవాళ్ళు, పొడుగు కొలిచేవాళ్ళు. పిల్లని ఎత్తుకున్న చేతికి ఎవరూ ఏ పట్టీ చుట్టలేదు. చుట్టమని తనూ అడగలేదు.

మొగుడు వ్యాను తాళాలు మేకుకి తగిలిస్తూ లోపలికొచ్చాడు. విన్నాడు. "నీకు బీపీ ఏమిటే, నీ ఒంట్లో రక్తం ఉంటే కదా" అని నవ్వాడు. పుల్ల నవ్వకపోయేసరికి, "ఎంతట?" అన్నాడు. చెప్పింది. అతను మళ్ళీ తాళాలు తీసి చేతిలో పట్టుకుని, ఎక్కడికి వెళ్ళాలో తెలియక, మళ్ళీ మేకుకే తగిలించాడు.

*

మర్నాడు గోడ మీద కాగితం అంటించారు. నాలుగు నంబర్లు. నలభై ఒకటి అన్నిటికంటే పైన. ఈ వారం ఆఖరి దాకా పని, ఆ తర్వాత సెలవు అని రాసి ఉంది. తిరిగి రమ్మనని సెలవు.

పెద్దక్క కాగితం చూసి వచ్చి కొస అందుకుంది. దుప్పటి విదిలించారు. పెట్టారు. మళ్ళీ కొస.

"నీకు ముందే తెలుసా?" అని అడిగింది రోలరు వైపు చూస్తూ.

"తెలిస్తే ఇస్తానా అక్కా?"

"కాన్పులో నీకు వాతం వచ్చిందట. మీ ఆయన పొద్దున మా ఇంటికొచ్చి చెప్పాడు. గుమ్మంలో నిలబడి చేతులు నలుపుకుంటూ."

"ఎనిమిదేళ్ళ కిందటి మాట. పోయిందన్నారు."

"ఎవరన్నారు?"

"అందరూ."

దుప్పటి. విదిలింపు. అంచు.

"నాకు కోపంగానే ఉంది. లేదని చెప్పను" అంది పెద్దక్క. "ఎవరి మీదో తెలియటం లేదు. ఎదురుగా నువ్వే ఉన్నావు కాబట్టి నీ మీద పడుతోంది. రేపు మధ్యాహ్నం షిఫ్టు కదా. పొద్దున్నే నాతో పెద్దాసుపత్రికి రా. ఏ వరసలో నిలబడాలో నాకు తెలుసు."

*

ఆసుపత్రిలో పెద్దక్క రాజులా నడిచింది. చీటీ కిటికీ దగ్గర మనిషిని "బాబూ" అంది, తూకం దగ్గరామెని "వదినా" అంది, బల్ల మీద ఇద్దరికి చోటు సంపాదించింది. పుల్ల ఆమె వెనకాల కొత్త పిల్లలా నడిచింది. ఒక గదిలో పడుకోబెట్టి గుండెకీ కాళ్ళకీ వైర్లు తగిలించారు. ఇంకో గదిలో కడుపుతో ఉన్నప్పుడు పొట్ట మీద రాసిన జిగురులాంటిదే గుండె మీద రాసి, చీకట్లో తెర మీద చూశారు. పుల్ల తల తిప్పి చూసింది. ఒకప్పుడు అలాంటి తెర మీద బిడ్డని చూపించారు. ఇప్పుడు అందులో తన గుండె, మూస్తూ తెరుస్తూ, ఎవరో లోపల కూర్చుని పిడికిలి పిసుకుతున్నట్టు ఉంది.

డాక్టరమ్మ చిన్న వయసుది. కళ్ళ కింద నలుపు. ముందున్న కాగితాలు చూస్తూనే అడిగింది.

"పిల్లలెంతమంది?"

"ఒక్కతే మేడమ్."

"కాన్పులో బీపీ వచ్చిందా?"

పుల్ల పెద్దక్క వైపు చూసింది. ఎనిమిదేళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి.

"వచ్చింది. ఫిట్స్ కూడా వచ్చాయి. తర్వాత పోయిందన్నారు."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "చూడమ్మా. కాన్పు అయ్యాక అంకె దిగుతుంది. దిగితే పోయిందనుకుంటాం. కానీ అంత జరిగినవాళ్ళకి ఆ తర్వాత కూడా బీపీ రావడం ఎక్కువ. గుండెజబ్బు, పక్షవాతం కూడా మిగతావాళ్ళకంటే ఎక్కువ. వయసు చిన్నదని, సన్నగా ఉన్నావని వదలదు. ఏడాదికోసారి చూపించుకోవాలి. బతికున్నన్నాళ్ళూ. నీకెవరూ చెప్పలేదా?"

"పాపకి కార్డు ఇచ్చారు మేడమ్" అంది పుల్ల. "నాకేం ఇవ్వలేదు."

డాక్టరమ్మ కాగితం తిప్పి చూపించింది. "గుండె గోడ కొంచెం మందమైంది. ఎక్కువ ఒత్తిడి మీద కొట్టుకునీ కొట్టుకునీ."

"పనిచేస్తే చేతికి కండ వచ్చినట్టా మేడమ్?"

"అలాంటిదే. కానీ ఈ కండ మంచిది కాదు. మాత్రలు వేసుకో, మానొద్దు. ఉప్పు తగ్గించు. రెండు వారాల్లో మళ్ళీ రా. మందులు కుదిరి అంకె దిగేదాకా ఆ వేడి దగ్గర పది గంటలు నిలబడొద్దు. చీటీ రాసిస్తాను, వేరే పని ఇమ్మని."

చీటీ రాసి, ముద్ర వేసి, రెండు మడతలు పెట్టి ఇచ్చింది. మందుల కిటికీ దగ్గర పెద్దక్క తన మాత్రల పొట్లం, పుల్ల పొట్లం పక్కపక్కన పెట్టి చూసింది.

"ఒకటే మాత్ర" అంది. "నాకు యాభై దాటాక మొదలుపెట్టారు. నీకిప్పుడే." ఆ మాటలో కోపం లేదు.

*

చీటీ పట్టుకుని పుల్ల మేనేజరు గదిలోకి వెళ్ళింది. ఆయన చదివాడు. సొరుగులోంచి పరీక్ష పట్టీ తీశాడు. వేలు పెట్టి నంబర్ల మీదుగా కిందికి జరిపాడు.

"నువ్వు డెబ్భై మూడు. నీకు నూట ముప్పై రెండు. ఫిట్. ఈ చీటీ ఎవరిది?"

"నాదే సార్. ఆ చెయ్యే నాది కాదు."

"అంటే?"

పుల్ల చెప్పింది. ఎక్కడా ఆగకుండా, తప్పు ఎవరి మీదా పెట్టకుండా చెప్పింది. సగంలో మేనేజరు లేచి తలుపు మూశాడు. మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. చెడ్డమనిషి కాదు. పోయినేడు రోలరులో ఒకామె వేలు పడితే తన బండి మీదే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

"ఇంకోసారి కొలవండి సార్. ఇద్దరినీ. ఆవిడకి బాగుంది. ఆవిడని ఉంచండి. నన్ను ఎక్కడైనా వెయ్యండి, లెక్కల దగ్గరో మూటల దగ్గరో. లేకపోతే తీసెయ్యండి."

"పట్టీ నకలు పైవాళ్ళకి వెళ్ళిపోయింది. మార్చాలంటే ఎందుకు మారిందో నేను రాయాలి. ఏమని రాయను? మోసమనే రాయాలి. అప్పుడు ఇద్దరూ పోతారు. అంతటితో అవుతుందా? ఆరోగ్యం బాగోలేక మానేసిందని రాస్తే ఆవిడకి చేసినన్నేళ్ళకి ఎంతో కొంత ఇస్తారు. మోసమని రాస్తే అదీ ఉండదు." ఆయన చీటీని దాని పాత మడతల్లోనే మడిచాడు. "నువ్వు మంచి చేద్దామని వచ్చావు. నీ మంచి ఆవిడ నోటి దగ్గరిది లాగేస్తుంది. ఆలోచించుకో."

పుల్ల ఆలోచించుకుంది. ఎటు తిరిగినా ఆ గది గోడే ఎదురైంది.

"మరి నా సంగతి సార్? వేడి దగ్గర వద్దన్నారు."

"ఫిట్ అయినవాళ్ళని రోలరు నుంచి తీసి ఎక్కడ పెట్టను? నలుగురు పోతున్నారు. ఉన్నవాళ్ళే చాలరు." చీటీ ఆమె వైపు జరిపాడు. "ఇది నేను చూడలేదు. మాత్రలు మాత్రం మానకు."

*

వారం ఆఖరి రోజున పెద్దక్క కోటు ఉతికి, ఇస్త్రీ చేసి, మడిచి, దాని మీద బిళ్ళ పెట్టి మేస్త్రీకి అప్పజెప్పింది. మేస్త్రీ పుస్తకంలో సంతకం పెట్టించుకున్నాడు. గేటు దగ్గర పుల్ల నిలబడి ఉంది.

"చెప్పావట కదా, మేనేజరుకి."

"చెప్పాను."

"ఏమన్నాడు?"

"చీటీ చూడలేదన్నాడు."

పెద్దక్క నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగి దగ్గయింది. "నువ్వు మానెయ్యొచ్చుగా?"

"మా ఆయన్ని వ్యాను వాళ్ళు వారానికి మూడు రోజులే పిలుస్తున్నారు అక్కా. రెండు వారాలు మాత్రలు వేసుకుని చూద్దామంటున్నాడు."

"చూద్దామంటే నువ్వు కదా చూడాల్సింది." పెద్దక్క పుల్ల టోపీలోంచి బయటికి వచ్చిన వెంట్రుకలు లోపలికి తోసింది. "అంచు పట్టుకునేటప్పుడు భుజం ఎత్తకు. మోచేతితో ఎత్తు. ఊపిరి ఆడుతుంది. ఇన్నాళ్ళూ చెప్పలేదు, నీకు అక్కర్లేదనుకున్నాను."

అని వెళ్ళిపోయింది. మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు. ఆవిడ నడక చూస్తే ఏ జబ్బూ లేని మనిషి నడకలా ఉంది.

గంట కొట్టారు. రోలరు దగ్గర కుడి కొస పట్టుకోవడానికి కొత్తమ్మాయిని పెట్టారు. మడతల దగ్గర్నుంచి మార్చిన పిల్ల. ఉత్సాహం ఎక్కువ. పుల్ల చెయ్యి లేవకముందే ఆమె విదిలించేస్తోంది. మూడో దుప్పటి వంకరగా పోయింది. ఎర్ర దీపం వెలిగింది. లాండ్రీ అంతా ఆగి ఇటు చూసింది.

మేస్త్రీ మీట తిప్పి దుప్పటిని వెనక్కి లాగుతున్నాడు. ఆవిరి ఒక్కసారిగా మొహం మీదికి వచ్చింది. పుల్ల పట్టాల చట్రం పట్టుకుని నిలబడింది. తల వెనక నొప్పి మొదలైంది. ఇప్పుడది ఆవిరి వల్ల కాదని తెలుసు. తెలిసినందువల్ల అది తగ్గలేదు.

"నా వల్లే అక్కా" అంది కొత్తమ్మాయి భయంగా. ఆ పైన దగ్గరికొచ్చి చూసి, "నీకు ఒంట్లో బాగుందా? మొహం అలా అయిపోయిందేమిటి?" అంది.

దీపం ఆరింది. రోలరు మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది. పుల్ల వంగి బుట్టలోంచి తడి దుప్పటి తీసి, కొస వెతికి ఆమె చేతికి అందించింది.

"కాగితంలో బాగానే ఉందమ్మా" అంది. "పట్టుకో."